బెంజ్ సర్కిల్ నుంచి నాలుగు దారులు: కృష్ణాతీర రాజధానుల దర్శనం

విజయవాడకు తొలిసారి వచ్చినవారు రాజకోట ఎక్కడుందని అడిగితే ఊరివాళ్లు కాసేపు ఆలోచిస్తారు. హైదరాబాదుకు గోల్కొండ, తంజావూరుకు పెద్దగుడి, మైసూరుకు ప్యాలెస్ ఉన్నట్టు ఈ ఊరికి ఒక్క కట్టడంలో ఇమిడే రాచరికం లేదు. అంతమాత్రాన ఇది రాజ్యాలు తెలియని నేల కాదు. శాతవాహనుల ధాన్యకటకం, శాలంకాయనులూ తూర్పు చాళుక్యులూ ఏలిన వేంగి, రెడ్డిరాజుల కొండవీడు, ఇప్పటి ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతి, ఇవన్నీ బెంజ్ సర్కిల్ నుంచి సుమారు 80 కిలోమీటర్ల లోపే ఉన్నాయి. రెండు వేల ఏళ్లలో రాజధాని ఊళ్లు మారుతూ వచ్చింది గాని కృష్ణమ్మ చుట్టుపక్కల నుంచి ఎక్కువ దూరం పోలేదు.

అందుకు కారణం నేల తీరులోనే ఉంది. శ్రీశైలం అడవుల నుంచి కొండల నడుమ ఒదిగి వచ్చే కృష్ణ, ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య సందు దాటగానే మైదానంలో పడుతుంది. అక్కడి నుంచి సముద్రం దాకా వరిపొలాలు, కాలువలు, ఒండ్రుమట్టి. సందుకు పైన రాయి, దిగువన బియ్యం, చివర ఓడరేవు. గుహ తొలవాలన్నా, సైన్యానికి తిండి పెట్టాలన్నా, సరుకు ఓడకెక్కించాలన్నా ఈ మూడింటి మధ్యనే ఉండాలి. అందుచేత ఇక్కడికి వచ్చే యాత్రికుడు ఒక ఊరిని చూస్తే చాలదు, ఒక నదిని చూడాలి. కనీసం మూడు రోజులు కావాలి.

బయలుదేరడానికి బెంజ్ సర్కిల్‌ను మించిన చోటు లేదు. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి, బందరు రోడ్డు ఒకదాన్నొకటి ఖండించుకునే కూడలి ఇది. 1972 జై ఆంధ్ర ఉద్యమ నాయకుడు కాకాని వెంకటరత్నం విగ్రహం చాలాకాలం ఈ కూడలికి గుర్తుగా నిలిచింది. 2020లో ఫ్లైఓవర్ వచ్చాక దూరప్రయాణపు వాహనాలు పైనుంచి వెళ్లిపోతున్నాయి. కింద మాత్రం ఆటోలు, సిటీ బస్సులు, కాలేజీ పిల్లలతో రద్దీ తగ్గలేదు. ఇక్కడ నిలబడితే నాలుగు దారులు కనిపిస్తాయి. పడమటి దారి కనకదుర్గమ్మ కొండకూ, దాని మీదుగా కొండపల్లికీ పోతుంది. దక్షిణపు దారి వారధి దాటి మంగళగిరి, అమరావతి వైపు. ఉత్తరపు దారి ఏలూరుకూ పాత వేంగికీ. తూర్పు దారి బందరుకు, అంటే మచిలీపట్నానికి. ఈ నాలుగింటిలో పడమర, దక్షిణ దారులకే ఎక్కువ సమయం కేటాయించుకోవాలి.

పడమటి దారి: ఊరిలోపలి రాళ్లు

బెంజ్ సర్కిల్‌కు దగ్గరలోనే, ఇళ్ల మధ్యన, మొగల్రాజపురం గుహలున్నాయి. అయిదు గుహలివి. విష్ణుకుండినుల కాలంలో, అంటే క్రీస్తుశకం 5వ శతాబ్దం ప్రాంతంలో తొలిచినవని పండితుల అభిప్రాయం. కొన్ని బాగా శిథిలమయ్యాయి. ఒక గుహ ముఖభాగంలో నటరాజు, గణపతి రూపాలు, చూరు మీద గూళ్లలోంచి తొంగిచూసే ముఖాలు ఇంకా ఆనవాలు పట్టవచ్చు. ఇక్కడి అర్ధనారీశ్వర రూపాన్ని దక్షిణ భారతంలో తొలినాటి వాటిలో ఒకటిగా లెక్కిస్తారు. యాత్రికుల జాబితాల్లో వీటికి ఎప్పుడూ చివరి స్థానమే దక్కుతుంది. నా మటుకు తొలి స్థానం వీటికే ఇస్తాను. పదిహేను వందల ఏళ్ల కిందటి ఉలిదెబ్బలు కాలనీ ఇళ్ల పక్కనే ఉండటం చూస్తే ఈ ఊరి వయసు ఒక్కసారిగా అర్థమవుతుంది.

అక్కడి నుంచి బందరు రోడ్డు మీద పడమటికి సాగితే స్వరాజ్య మైదానం వస్తుంది. పాతతరం వాళ్లు పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అంటారు. ఏళ్ల తరబడి జనవరి పుస్తక మహోత్సవం జరిగిన చోటు. 2024 జనవరి 19న ఇక్కడ అంబేడ్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. విగ్రహం 125 అడుగులు, పీఠం 81 అడుగులు, మొత్తం 206 అడుగుల ఎత్తు.

అదే రోడ్డు మీద బాపు మ్యూజియం ఉంది. విక్టోరియా రాణి స్వర్ణోత్సవం పేరిట 1887లో దీనికి పునాదిరాయి వేసినవాడు అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ స్యూయెల్. విజయనగర సామ్రాజ్య చరిత్రను ఇంగ్లీషువారికి తొలిసారి వివరంగా చెప్పిన చరిత్రకారుడు ఆయనే. 1877లో అమరావతి స్తూపాన్ని తవ్వించినవాడూ ఆయనే. ఇప్పుడు ఈ మ్యూజియానికి చిత్రకారుడు బాపు పేరు పెట్టారు. లోపల తప్పక చూడవలసింది అల్లూరు నుంచి తెచ్చిన నిలువెత్తు బుద్ధుడు. తెల్లని సున్నపురాతిలో మడతలు మడతలుగా జారే చీవరం చూస్తుంటే అమరావతి శిల్పుల చెయ్యి పోల్చుకోవచ్చు. అమరావతి వెళ్లేముందు ఈ బుద్ధుణ్ణి చూసి వెళ్తే అక్కడ ఏం వెతకాలో కంటికి తెలుస్తుంది.

ఈ భవనానికి మరో జ్ఞాపకం ఉంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అన్న లక్ష్యాలు ఆ సమావేశం పెట్టుకున్నవే. బందరు దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య తాను రూపొందించిన జెండాను గాంధీజీకి అందించింది ఆ రోజుల్లోనే. ఈ మ్యూజియం భవనంలోనే అందించాడని ఊళ్లో చెప్పుకుంటారు.

రైల్వే స్టేషన్ పక్కనున్న గాంధీకొండను పూర్వం ఓర్ కొండ అనేవారు. కృష్ణపై తొలి ఆనకట్ట కట్టించిన కెప్టెన్ చార్లెస్ ఓర్ పేరది. కొండపైన 52 అడుగుల గాంధీ స్మారక స్తూపాన్ని 1968 అక్టోబరు 6న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఆవిష్కరించారు. పైనుంచి రైలుపట్టాల సాలెగూడు, మూడు కాలువలు, వెనక నది ఒకే చూపులో వస్తాయి. బెజవాడ జంక్షను ఊరెందుకైందో పుస్తకం చెప్పేదానికన్నా ఆ చూపు బాగా చెబుతుంది.

ఇంద్రకీలాద్రి మీది కనకదుర్గమ్మ గుడి లేకుండా విజయవాడ లేదు. అర్జునుడు ఇక్కడ తపస్సు చేసి శివుని వద్ద పాశుపతాస్త్రం పొందాడని స్థలపురాణం. విజయుడన్న అర్జునుడి పేరే ఊరిపేరులో ఉందంటారు. కొండకు బెజ్జం పెట్టుకుని కృష్ణ దారి చేసుకుందని, అందుకే బెజవాడ అని ఇంకో కథ. అమ్మవారి పేరు గురించిన కథ వీటన్నింటికన్నా గొప్పది. మాధవవర్మ అనే రాజు ఈ ఊరినుంచి ఏలుతుండగా యువరాజు రథం కింద పడి చింతచిగురు అమ్ముకునే పేదరాలి కొడుకు చనిపోయాడట. న్యాయం చెప్పమని ఆమె వస్తే, రాజు సొంత కొడుక్కే మరణశిక్ష వేశాడు. ఆ ధర్మానికి మెచ్చి అమ్మవారు పిల్లలిద్దర్నీ బతికించి ఊరిపై బంగారు వాన కురిపించిందని, కనకదుర్గ పేరు అలా వచ్చిందని చెబుతారు. చరిత్రలో మాధవవర్మ పేరుగల రాజులు విష్ణుకుండినుల్లో ఉన్నారు. కథ నిజమా కాదా అన్న ప్రశ్న పక్కన పెడితే, ఒక ఊరు తన రాజును ఎందుకు గుర్తుపెట్టుకుందో ఇది చెబుతుంది: గెలిచిన యుద్ధాలకు కాదు, చింతచిగురు అమ్మే మనిషి మొర విన్నందుకు.

కొండ మీది మల్లేశ్వరాలయానికి సంబంధించిన యుద్ధమల్లుని శాసనం తెలుగు చదివేవారికి మొక్కవలసినంత విలువైనది. తూర్పు చాళుక్య రాజు యుద్ధమల్లుడు ఇక్కడ కుమారస్వామికి గుడి, మఠం కట్టించిన సంగతిని అది మధ్యాక్కర పద్యాల్లో చెబుతుంది. నన్నయ భారతం కన్నా ముందే తెలుగు పద్యం ఎంత పట్టుగా నడిచిందో చూపే రాతి సాక్ష్యాల్లో అదొకటి. కొండ కింద అక్కన్న మాదన్న గుహలు చూడవచ్చు. గోల్కొండ తానీషా మంత్రులైన ఆ అన్నదమ్ములు ఇక్కడ కచేరీ నడిపారని చెబుతారు. గుహలు మాత్రం వారికి దాదాపు వెయ్యేళ్ల ముందరివి.

దసరా రోజుల్లో అమ్మవారికి రోజుకో అలంకారం. మూలా నక్షత్రం నాడు సరస్వతీదేవిగా దర్శనమిస్తుంది. ఆ రోజు క్యూలు కొండ దిగి ఊళ్లోకి వచ్చేస్తాయి. చివరన ఉత్సవమూర్తులు హంసవాహనం మీద కృష్ణలో విహరించే తెప్పోత్సవం ఉంటుంది. గుడి మాత్రమే చూడాలనుకునేవారు దసరా వదిలి కార్తీకానికి రావడం మేలు. ఊరంతా ఒక్క పండుగలా ఎలా మారుతుందో చూడాలనుకునేవారు రద్దీకి సిద్ధపడి మూలా నక్షత్రానికే రావాలి.

అదే దారిలో ఇంకా పడమటికి వెళ్తే ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం. పట్టిసీమ నుంచి పోలవరం కుడికాలువ మీదుగా వచ్చిన గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే చోటది. అక్కడికి సమీపంలోనే కొండపల్లి. 14వ శతాబ్దపు రెడ్డిరాజుల కాలంలో మొదలైన కోట ఆ తర్వాత గజపతుల చేతికి, కళింగ దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయల చేతికి, అటుపైన కుతుబ్‌షాహీలకు, 1766లో ఇంగ్లీషువారికి పోయింది. కోట ఎక్కి దిగాక బొమ్మల కాలనీకి వెళ్లాలి. తెల్లపొణికి కర్రను వెచ్చబెట్టి తడి ఆర్చి, ముక్కలు చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు, ఇవన్నీ సంక్రాంతి బొమ్మల కొలువుల్లో మన ఇళ్లకు వచ్చినవే. చెక్కేవారి ఎదురుగా కూర్చుని ఒక బొమ్మ తయారవుతుంటే చూసి, వారి దగ్గరే కొనడం మంచిది. తెల్లపొణికి చెట్టు అడవిలో అరుదవుతోంది. ఆ పని ఇంకెన్నాళ్లు సాగుతుందన్నది ఆ చెట్టు మీదా, కొనేవారి మీదా ఆధారపడి ఉంది.

దక్షిణపు దారి: ఆనకట్ట, గుహలు, స్తూపం

దక్షిణానికి కారులో వెళ్లేవారు కనకదుర్గ వారధి ఎక్కేస్తారు. తొలిసారి వచ్చినవారు ఆ తొందర మానుకుని ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళ్లాలి. ఈ ప్రాంతంలో ఒక్కటే చూడగలిగిన సమయం ఉంటే ఏది చూడాలని ఎవరైనా అడిగితే గుడి, కోట, మ్యూజియం ఏదీ చెప్పను, బ్యారేజీనే చెబుతాను. ఎందుకంటే కోస్తా నడిబొడ్డు బతుకంతా ఇక్కడి తూముల్లోంచే పారుతోంది.

ఆర్థర్ కాటన్ ఆలోచన ప్రకారం చార్లెస్ ఓర్ ఆధ్వర్యంలో 1852లో మొదలైన ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. దాదాపు వందేళ్లు పనిచేసి 1952లో గండి పడింది. దాని బదులు 1954లో మొదలుపెట్టి 1957లో ముగించిన బ్యారేజీ పొడవు 1,223 మీటర్ల పైచిలుకు, గేట్లు 70. ఆ ఏడాదే కన్నుమూసిన ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఎడమవైపు బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరిని మూడు చోట్ల చీల్చుకుంటూ తూర్పు డెల్టాకు పోతాయి. కుడివైపు కాలువలు తెనాలి, బాపట్ల సీమల్ని తడుపుతాయి. మొత్తం ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. రైలు, బస్సు పెరగకముందు ఈ కాలువలే రహదారులు. ఏలూరు కాలువ కృష్ణను గోదావరితో కలిపితే, కొమ్మమూరు కాలువ దక్షిణాన బకింగ్‌హాం కాలువతో కలిసింది. కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవలో వెళ్లగలిగిన రోజులవి.

2024 సెప్టెంబరు మొదట్లో ఈ బ్యారేజీ తన చరిత్రలోనే అతి పెద్ద వరదను చూసింది. సెకనుకు 11.43 లక్షల ఘనపుటడుగుల నీళ్లు గేట్ల కింద నుంచి పోయాయి. కొట్టుకొచ్చిన బోట్లు గేట్ల దగ్గర తగులుకున్నాయి. అదే రోజుల్లో బుడమేరు వాగు పొంగి అజిత్‌సింగ్‌నగర్ పరిసరాల్లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నదిని అందంగా మాత్రమే చూసి వెళ్లే యాత్రికుడికి సగమే తెలిసినట్టు. సాయంత్రం బ్యారేజీ పిట్టగోడ పక్కన నిలబడి దిగువన ఇసుక తిన్నెలు, ఎగువన నిండుకుండలాంటి నీరు, దూరంగా భవానీ ద్వీపం చూస్తున్నప్పుడు ఆ రెండోసగం కూడా గుర్తుండాలి. భవానీ ద్వీపం 133 ఎకరాలు. పున్నమి ఘాట్ వైపు నుంచి బోట్లు నడుస్తాయి. వరద కాలంలో ఆపేస్తారు.

బ్యారేజీ దాటి సీతానగరం మీదుగా కొద్దిదూరం వెళ్తే ఉండవల్లి గుహలు. ఒకే కొండను నాలుగు అంతస్తులుగా తొలిచారు. కింది అంతస్తు అసంపూర్తిగా ఉండిపోయింది. మూడో అంతస్తులో అనంతపద్మనాభుడు శేషశయ్యపై పడుకుని ఉంటాడు. ఒక్క చూపులో తల నుంచి పాదాల దాకా చూడలేం; పక్కగా నడుస్తూ చూడాలి. బయట వసారా అంచున కూర్చున్న ఋషుల విగ్రహాలు, సింహాలు మైదానం వైపు చూస్తుంటాయి. మొదట జైనులో బౌద్ధులో తొలిచిన బస అయి ఉండవచ్చని, తర్వాత వైష్ణవాలయమైందని కొందరు చరిత్రకారుల అంచనా. ఉదయం పూట వెళ్తే లోపలిదాకా వెలుతురు ఉంటుంది.

గుహల ముందర పరుచుకున్న పొలాలు కూడా చూడవలసినవే. నది పక్క ఈ భూముల్ని జరీబు భూములంటారు. తక్కువ లోతులోనే నీరు పడుతుంది. ఉండవల్లి, పెనుమాక రైతులు కూరగాయలు, మల్లెలు, అరటి ఏడాది పొడుగునా పండిస్తారు. పక్కన మెట్టభూముల్లో పత్తి, మొక్కజొన్న. కొత్త రాజధానికి భూసమీకరణ జరిగినప్పుడు జరీబుకూ మెట్టకూ మధ్య తేడా ప్రతి ఇంటి చర్చయింది.

కొత్త రాజధాని చూడాలంటే ఇక్కడి నుంచే లోపలికి వెళ్లాలి. 2014లో రాష్ట్ర విభజన తర్వాత 29 గ్రామాల రైతులు ముప్పైవేల ఎకరాలకు పైగా భూమి ఇవ్వగా, 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ప్రధాని శంకుస్థాపన చేశారు. వెలగపూడిలో సచివాలయం, శాసనసభ పని మొదలుపెట్టాయి. హైకోర్టు నేలపాడుకు వచ్చింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన రావడంతో పనులు ఆగిపోయి, రైతుల దీక్షలు, పాదయాత్రలు సాగాయి. 2022 మార్చి 3న హైకోర్టు అమరావతికి అనుకూలంగా తీర్పు చెప్పింది. 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా పనులు మళ్లీ ప్రారంభమయ్యాయి. అక్కడికి వెళ్లినవారు పూర్తయిన కట్టడాలకన్నా ఎక్కువగా క్రేన్లు, విశాలమైన రోడ్లు, మధ్యమధ్య పాత పల్లెలు చూస్తారు. ఏదైనా ఒక పల్లెలో ఆగి టీ తాగుతూ ఎవరినైనా పలకరిస్తే పదేళ్ల చరిత్రను ఒక కుటుంబం ఎలా మోసిందో వినవచ్చు.

మంగళగిరి ఈ దారికి పక్కనే. కొండమీది నరసింహస్వామికి పానకం పోస్తారు. పోసినదాంట్లో సగం స్వామి తాగి మిగతా సగం భక్తులకు వదిలేస్తాడని నమ్మకం. కింది గుడి గాలిగోపురం 11 అంతస్తులు, 153 అడుగులు. 1807–09 మధ్య రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించాడు. గుడి చుట్టూ వీధుల్లో నేతగాళ్ల మగ్గాలున్నాయి. ఒంటిరంగు నేత, జరీ అంచు మంగళగిరి చీర గుర్తు.

ఆ వేంకటాద్రి నాయుడి పేరు పాత అమరావతిలో ఇంకోలా వినబడుతుంది. ఈ ఊరు విజయవాడకు సుమారు 35 కిలోమీటర్ల దూరం. పక్కనున్న ధరణికోటే శాతవాహనుల ధాన్యకటకం. 18వ శతాబ్దం చివర నాయుడు తన నివాసాన్ని చింతపల్లి నుంచి ఇక్కడికి మార్చి కొత్త ఊరు కట్టించాడు. ఇటుకలు, రాళ్లు కావలసి ఊరి పక్క దిబ్బను తవ్వించగా చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. 1797లో బ్రిటిష్ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో తిరిగివచ్చి బొమ్మలు గీయించాడు. ఈ రెండు రాకల నడుమ ఎన్నో ఫలకాలు గోడల్లోకి, మెట్లలోకి పోయాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తరలించినవాటిలో చాలా భాగం 1859లో లండన్ చేరింది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో వందకు పైగా అమరావతి శిల్పాలున్నాయి. మదపుటేనుగు నాళగిరిని బుద్ధుడు శాంతింపజేసే ప్రసిద్ధ వృత్తఫలకం చెన్నై మ్యూజియంలో ఉంది.

అందువల్ల మహాచైత్యం, అంటే అమరావతి స్తూపం దగ్గరికి వెళ్లేవారు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. అక్కడ మిగిలింది సుమారు 50 మీటర్ల వ్యాసంగల గుండ్రని పీఠం, కొన్ని నిలువు రాళ్లు, పచ్చిక. నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు, చుట్టూ పద్మాలు చెక్కిన ప్రాకారం, పైన పాలరాతిలా మెరిసే అండం, ఇవన్నీ ఊహించుకోవలసిందే. తెలిసి వెళ్తే నిరాశ కలగదు. ముందుగా పక్కనున్న మ్యూజియం చూసి, అక్కడి స్తూపం నమూనాను బాగా గమనించి, తర్వాత దిబ్బ చుట్టూ ప్రదక్షిణంగా నడవండి. ఆ నడకలో ప్రాకారం మనసులో తనంతట తానే లేస్తుంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఈ ఒక్క విషయం తెలియక నిరాశతో వెనక్కి వెళ్లేవాళ్లు చాలామంది. లోపలి పూర్ణఘటం ముందు కాసేపు ఆగండి. 2018లో స్వీకరించిన ఆంధ్రప్రదేశ్ రాజముద్రకు మూలం ఆ పూర్ణఘటమే.

శిల్పాలు మనవి, చూడాలంటే లండన్ వెళ్లాలి అన్న బాధ ఇక్కడ నిలబడినప్పుడు కలగక మానదు. అవి తిరిగి రావాలన్న కోరిక న్యాయమైనదే. దాంతోపాటు, రాయిని చూసి ఇటుకలే అనుకున్న చేతులు మనవి కూడానని ఒప్పుకోవాలి.

బౌద్ధులకు ఇది ఇంకా సజీవ క్షేత్రం. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు ధాన్యకటకంలోనే ఉపదేశించాడని టిబెటన్ల విశ్వాసం. 2006 జనవరిలో దలైలామా ఇక్కడే కాలచక్ర దీక్ష ఇచ్చారు. నది ఒడ్డున 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం ఉంది. అటు అమరేశ్వరాలయం పంచారామాల్లో ఒకటి. శివలింగం ఎంత పొడవంటే అర్చకులు పై అంతస్తు నుంచి అభిషేకం చేస్తారు. శ్రీకృష్ణదేవరాయలు 1515లో ఇక్కడ తులాపురుషదానం చేసినట్టు శాసనముంది. సత్యం శంకరమంచి రాసిన నూరు ‘అమరావతి కథలు’ ఈ గుడి మెట్ల మీద, ఈ ఊరి వీధుల్లోనే నడుస్తాయి. వాటికి బొమ్మలు వేసింది బాపు. వాటిని చదివి వచ్చినవారికి కృష్ణలో పడవలు, ఒడ్డున సాయంత్రపు స్నానాలు పాత పరిచయస్థుల్లా కనిపిస్తాయి.

ఉత్తరపు దారి

గుణదల ఈ దారి మొదట్లోనే. 1924లో కొండమీద ప్రతిష్ఠించిన మేరీమాత విగ్రహం దగ్గర ప్రతి ఫిబ్రవరిలో జరిగే తిరునాళ్లకు అన్ని మతాలవారూ వస్తారు. ఏలూరుకు ఆవల పెదవేగిలో పాత వేంగి ఉంది. క్రీస్తుశకం 7వ శతాబ్దంలో కుబ్జ విష్ణువర్ధనుడు నెలకొల్పిన తూర్పు చాళుక్య వంశం ఇక్కడి నుంచి ఏలింది. చూడటానికి మిగిలినవి తక్కువ. దిబ్బలు, కొన్ని గుళ్లు. అంతకన్నా గుంటుపల్లి మేలు. జీలకర్రగూడెం దగ్గర కొండల్లో గుండ్రని చైత్యగుహ ఉంది. లోపలి పైకప్పును కర్రదూలాల తీరులో రాతిలో చెక్కారు. క్రీస్తుపూర్వపు పూరిల్లు రాయిగా మారి నిలిచినట్టుంటుంది. ఈ దారికి ఒక రోజు పూర్తిగా పడుతుంది కాబట్టి తొలి ప్రయాణంలో సమయం చాలకపోతే రెండో ప్రయాణానికి ఉంచుకోవచ్చు.

తూర్పు దారి: బందరు వైపు

బెంజ్ సర్కిల్ నుంచి పటమట, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా సుమారు 70 కిలోమీటర్లు పోతే మచిలీపట్నం. దారికి రెండు పక్కలా కాలువలు, వరి, చెరకు, కొబ్బరి. పామర్రు దగ్గర కూచిపూడి వైపు మళ్లాలి. ‘భామాకలాపం’తో సిద్ధేంద్రయోగి నడిపిన నాట్యానికి ఊరే పేరైంది. అక్కన్న మాదన్నల ప్రభువు తానీషా బందరుకు పోతూ ఇక్కడి భాగవతుల ఆట చూసి మెచ్చి ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని వారి కుటుంబాల్లో చెప్పుకుంటారు. ఊళ్లోని సిద్ధేంద్ర కళాపీఠంలో పిల్లలు అడుగులు నేర్చుకునే వేళకు వెళ్తే మంచిది. పక్కనే మొవ్వ, క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడి గుడి అక్కడే.

ఇంకొంచెం పోతే కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదిది. ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న చిన్న ఊరు. తొలి ఆంధ్రరాజుల రాజధాని ఇదేనని సంప్రదాయం చెబుతుంది. కళింగ దండయాత్రకు పోతూ ఇక్కడ ఏకాదశి గడిపిన కృష్ణదేవరాయలకు స్వామి కలలో కనబడి తెలుగులో కావ్యం చెప్పమన్నాడు. ‘ఆముక్తమాల్యద’ అలా పుట్టిందని రాయలే చెప్పుకున్నాడు. సామ్రాజ్యాన్ని ఏలినవాడు తన గ్రంథానికి ప్రేరణగా హంపినో తిరుపతినో చెప్పక ఈ డెల్టా పల్లెను చెప్పడం తెలుగు చదివేవారికి పెద్ద విశేషం. ప్రయాణికులు ఎక్కువగా రారు. గుడి ప్రశాంతంగా ఉంటుంది. పక్కనున్న ఘంటసాలలో బౌద్ధస్తూపం, చిన్న మ్యూజియం ఉన్నాయి. గ్రీకు భూగోళవేత్త టాలెమీ పేర్కొన్న రేవుపట్టణాల్లో ఇదొకటని గుర్తించారు. అమరావతి స్తూపానికి దానాలిచ్చినవారిలో వర్తకులూ ఉన్నారు.

మచిలీపట్నంలో 17వ శతాబ్దం మొదట్లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు దిగారు. ఇంగ్లీషువారు ఇక్కడ కొన్న సరుకుల్లో ముఖ్యమైనది అద్దకపు బట్ట. ఆ పని ఇప్పుడు పక్కనున్న పెడనలో సాగుతోంది. చెక్క అచ్చులు, కరక్కాయ, మంజిష్ఠ, నీలిమందు రంగులు, కాలువ నీళ్లలో ఉతికి ఎండబెట్టిన బారుబారు గుడ్డలు చూడదగ్గవి. 1864 నవంబరు తుపానుకు ఊళ్లో, చుట్టుపక్కల సుమారు 30 వేల మంది చనిపోయారు. రేవు ఆ తర్వాత పూర్వవైభవం పొందలేదు. బందరు లడ్డు కొనకుండా ఎవరూ తిరిగిరారు. తొక్కుడు లడ్డు అని అడిగితే అసలు రకం ఇస్తారు.

ఓపిక ఉన్నవారు అవనిగడ్డ మీదుగా దివిసీమ చివర హంసలదీవి దాకా వెళ్లాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఈ సీమలో వేలమందిని తీసుకుపోయింది. ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ కాలాన్ని ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అని లెక్కపెడతారు. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి ఉంది. దాని అవతల తీరానికి చేరాలంటే ఇసుక దారిలో నెమ్మదిగా వెళ్లాలి, చీకటి పడకముందే తిరిగి బయలుదేరాలి. అక్కడ కృష్ణ సముద్రంలో కలుస్తుంది. బ్యారేజీ దగ్గర చూసిన నీళ్లే, డెల్టా పొలాలు తాగగా మిగిలినవి.